పాత డీజిల్ పికప్ పొద్దున్నే వణుకుతోంది, ఏం చూడాలి?

ప్రశ్న: బండి 2006 మోడల్, మెకానికల్ డీజిల్ పంపు (ఎలక్ట్రానిక్ కంట్రోల్ లేనిది). రోజూ మేడ్చల్ నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కి కూరగాయలు వేస్తాం. వారం నుంచి స్టార్ట్ చేయగానే బండంతా వణికి, డీజిల్ వాసనతో తెల్ల పొగ వదిలి, వేడెక్కాక కాస్త సర్దుకుంటోంది. మెకానిక్ ఇంజిన్ దించాలంటున్నాడు, టెన్షన్‌గా ఉందన్నా.

జవాబు: అప్పుడే దించనివ్వకు తమ్ముడూ. ఏదో సిలిండర్‌లో డీజిల్ సరిగ్గా కాలట్లేదు. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) పైపు నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేయించు, ఏది వదిలినప్పుడు శబ్దం మారదో లోపం అక్కడే.

జవాబు: కామన్ రైల్ బండ్లకి (ఒకే పైపులో చాలా ఎక్కువ ప్రెషర్‌తో డీజిల్ ఉంచి అన్ని ఇంజెక్టర్లకీ పంపేవి) మాత్రం ఈ పని అస్సలు చేయొద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ముందు ఫిల్టర్ కింది డ్రెయిన్ తిప్పి గాజు గ్లాసులో పట్టండి, నీళ్లుంటే అడుగున విడిగా కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు: నీళ్లు లేవు. మూడోది వదిలితే తేడా లేదన్నా.

జవాబు: ఆ ఇంజెక్టర్ టెస్టింగ్‌కి ఇవ్వు. అది బాగుంటే గ్లో ప్లగ్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవ్వడానికి సిలిండర్‌లో వేడి పుట్టించేది) చూపించు, ఆ తర్వాతే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి సరిగ్గా నొక్కబడుతోందా అని) చెక్ చేయించు.