పెట్ సీసాలో ఐసోథాలిక్ యాసిడ్ పెంచితే గ్యాస్ ఎక్కువ రోజులు నిలుస్తుందా?

నమస్కారం అండీ. మాది నెల్లూరు. చెన్నై అంబత్తూరులో సోడా సీసాలు తయారుచేసే చిన్న యూనిట్‌లో క్వాలిటీ చూస్తాను. మా 200 మిల్లీలీటర్ల సీసాల్లో గ్యాస్ త్వరగా పోతోందని మే నెల నుంచి ఫిర్యాదులు. సీసా చిన్నదయ్యే కొద్దీ లోపలి సోడాతో పోలిస్తే గోడ వైశాల్యం ఎక్కువవుతుంది, పైగా ఇక్కడి ఎండలు. మూతలు మార్చి చూశాం, తేడా లేదు.

నా సందేహం రసాయనం గురించి. పెట్ (సీసాల ప్లాస్టిక్) అణువులు పొడవాటి గొలుసులు. వాటిలో బెంజీన్ రింగు, అంటే ఆరు కార్బన్ల వలయం, పారా స్థానాల్లో, అంటే ఎదురెదురుగా, గొలుసుకు కలిసి ఉంటుంది. అందుకే అది తన చుట్టూ తాను తిరగగలదు. ఆ కదలిక వల్లే కార్బన్ డయాక్సైడ్‌కు దారి దొరుకుతుందని చదివాను. పెట్ తయారీలో కొద్దిగా కలిపే ఐసోథాలిక్ యాసిడ్‌లో కలయిక మెటా స్థానాల్లో, అంటే మధ్యలో ఒక కార్బన్ విడిచి, ఉంటుంది, రింగు అలా సులువుగా తిరగలేదు, గ్యాస్ తక్కువ పోతుంది. బెంజీన్ బదులు ఫ్యూరాన్ అనే ఐదు అణువుల రింగున్న పీఈఎఫ్ అనే ప్లాస్టిక్, పెట్ కంటే సుమారు 10 రెట్లు బాగా ఆక్సిజన్‌ను ఆపడానికీ ఇదే ముఖ్య కారణమట. ఎంత అందమైన విషయమో!

కానీ ఐసోథాలిక్ ఎక్కువైతే గొలుసులు వరుసగా పేరుకోవు. సీసాను సాగదీసినప్పుడు ఏర్పడే స్ఫటికాలు తగ్గుతాయి. గ్యాస్‌కు అడ్డుపడేవి అవి కూడా కదా? మరి మొత్తం మీద లాభమా, నష్టమా? మా రెజిన్‌లో (సీసాలకు వాడే ముడి ప్లాస్టిక్‌లో) ఐసోథాలిక్ 2 శాతం. 5 శాతం ఉన్నది తెప్పించమని అడగనా, లేక ముందు ప్రీఫామ్‌ను (ఊది సీసాగా సాగదీసే చిన్న గొట్టాన్ని) ఇంకా ఎక్కువ సాగేలా మార్చి చూడాలా?

సోమవారం మా ఓనరు గారికి చెప్పాలి, టెన్షన్‌గా ఉంది. స్వయంగా చేసి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.