కాలువ గట్ల మీద నడక దారి, సైకిలు రింగు: ఎలా గీయాలి?

మధ్యడెల్టా:
కోనసీమలో కొత్తపేట వైపు పక్కపక్కనున్న మూడు ఊళ్లకి కలిపి రెండు దారులు అనుకుంటున్నామండి. పెద్దవాళ్లు పొద్దున్నే నడవడానికి 3 కిలోమీటర్లది ఒకటి, హైస్కూలు పిల్లలకి సైకిలు మీద 10–12 కిలోమీటర్ల రింగు ఒకటి. మెయిన్ రోడ్డు మీద టిప్పర్లు, రొయ్యల బళ్లు విపరీతం కాబట్టి కాలువ గట్లు, పుంతలు (చేల మధ్య బండిదారులు) కలుపుకుని పోవాలని ఆలోచన. శాటిలైట్ మ్యాపులో అన్నీ కలిసే ఉన్నాయి. గీత గీసి పంచాయతీకి ఇచ్చేస్తే చాలా? గ్రావెలు వేయించాలంటే ఎంత పడుతుంది, ఎవరిని అడగాలి? బోర్డులు ఎక్కడ పెట్టాలి?

లాకులదగ్గర:
మ్యాపులో కలిసినట్టు కనబడేవాటిలో చాలా వాటి మధ్య నీళ్లుంటాయండి. మన దగ్గర దారి కన్నా ముందు చూడాల్సింది దాటే చోటు. పేపరు మీద ముందు కాలువలు, మురుగు కోడులు, బోదెలు (చేలకి నీళ్లిచ్చే పిల్ల కాలువలు) గీయండి. తర్వాత వాటిని దాటించే ప్రతి వంతెన, లాకు (కాలువ మీద నీటిని ఆపి వదిలే గేట్ల కట్టడం), చప్టా (నేలమట్టం వంతెన), తూము (గట్టు కిందుగా నీళ్లు పోయే దారి) గుర్తుపెట్టండి. రింగు ఆ చుక్కల మధ్యే పుడుతుంది. రెండు వంతెనల మధ్య 4 కిలోమీటర్లుంటే నడక దారి అక్కడ కుదరదు, గట్టు ఎంత బాగున్నా సరే.

దాటే చోట్లలో మోసం చేసేవి తాటిదుంగలు. బోదె మీద రెండు దుంగలు పక్కపక్కన పడేసి పైన మట్టి పోస్తారు. కొడవలి పట్టుకుని చేలోకి పోయే మనిషికి అది రాజమార్గం. వాన పడితే మాత్రం మట్టి కొట్టుకుపోయి, పాచి పట్టి, రెండు దుంగల సందులో సైకిలు చక్రం దిగిపోతుంది. కొబ్బరి నీడలో ఉంటాయి కాబట్టి శాటిలైటులో అసలు కనపడవు. అలాంటిది ఒక్కటున్నా ఆ ముక్కని పెద్దవాళ్ల దారిలోంచి తీసెయ్యండి.

ఒక గట్టు మీద వెళ్లి, లాకుల దగ్గర దాటి, అవతలి గట్టు మీద వచ్చేద్దామని అందరికీ మొదట తడుతుంది. మామూలుగా ఒక గట్టు మీదే రోడ్డుంటుంది. రెండో గట్టు మీద గడ్డివాములు, పాకలు, పేడకుప్పలు, పూడిక తీసి పోసిన మట్టి. అందుకని టేపు పట్టుకుని నడవాల్సిందే. ప్రతి 100 మీటర్లకీ, ప్రతి తూము దగ్గరా వెడల్పు కొలవండి. సగటు తీసి లాభం లేదు, అన్నిటికన్నా ఇరుకైన చోటే లెక్క. 2 మీటర్లు పైనుంటే ఎదురెదురు సైకిళ్లు తప్పుకోగలవు. 1.2 నుంచి 2 లోపు అయితే నడకకే, సైకిలు దిగి నడిపించుకోవాలి. అంతకన్నా తక్కువైతే వదిలెయ్యండి. తూము పక్కన గట్టు అంచు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కింద నీరు కోసేసి బోలుగా ఉంటుంది. అంచు నుంచి అర మీటరు వదిలేసి కొలవండి.

ఫోనులో దారి రికార్డు చేస్తే బ్యాటరీ సేవర్ ఆపెయ్యండి. లేకపోతే మధ్యలో చుక్కలు పడక వంకర దారి తిన్నని గీతైపోతుంది, దూరం తగ్గిపోతుంది. కొబ్బరి తోటల్లో జీపీఎస్ పక్క గట్టు మీదకి కూడా గెంతుతుంది. ప్రతి మలుపులో పావు నిమిషం నిలబడి చుక్క పెట్టుకోండి, రెండు దిక్కులా నడిచి రెండు గీతలూ పోల్చండి.

ఏటిగట్టు:
పైన చెప్పింది కరెక్టే గానీ అదంతా ఒక్క రోజు దృశ్యం. డెల్టాలో దారి నెలనెలకీ మారుతుందండి, క్యాలెండరు కూడా గీయాలి.

వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేశాక గట్ల మీద పొక్లెయిన్లు, మట్టి ట్రాక్టర్లు తిరుగుతాయి. అప్పుడు సర్వే చేస్తే గట్టు రూపు మళ్లీ మారిపోతుంది. నీళ్లు వదిలాక చూడండి. సార్వా (వానాకాలం వరి) కోతలకి, దాళ్వా (రెండో పంట వరి) కోతలకి రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ధాన్యం సంగతి పక్కన పెట్టండి, బరకం (టార్పాలిన్) అంచులకి పెట్టిన రాళ్లే ప్రమాదం. ధాన్యం ఎత్తేశాక అవి అక్కడే ఉండిపోతాయి, చీకట్లో సైకిలు వాడికి కనపడవు. ఆ నెలల్లో తెల్లవారక ముందు సైకిళ్లు వద్దని బోర్డు మీదే రాయండి.

నల్లరేగడి పుంతలైతే వాన పడ్డాక కనీసం రెండు ఎండలు కాయాలి. ఈలోపు దిగితే మట్టి మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు, సైకిలు మోసుకురావాలి.

ఏటిగట్టు, లంకల వైపు ముక్క ఏదైనా ఉంటే ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టానికి ముడిపెట్టండి. అక్కడ 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక రాగానే లంక ముక్క మూసెయ్యడం మంచిది. రెండోదానికి ఏటిగట్టు కూడా వదిలెయ్యాలి, ఇసుక బస్తాల ట్రాక్టర్లకి దారి ఖాళీగా ఉండాలి కదా. పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద ఆధారపడే రింగు మాత్రం గీయకండి. వరదొస్తే ముందు ఆగేది పంటే.

ఇంకోటి, మన దగ్గర ఎత్తుపల్లాలు లేవు, గాలే ఎత్తు. వేసవి సాయంత్రాలు గాలి సముద్రం వైపు నుంచి వస్తుంది. వెళ్లేటప్పుడు దక్షిణానికి ఎదురు తొక్కి, అలిసిపోయాక గాలి వీపున పెట్టుకుని వచ్చేలా దిక్కు పెట్టండి.

మధ్యడెల్టా:
చాలా ఉపయోగం అండి. నడక దారిలో 100 మీటర్ల ముక్క ఒకటి బాగా బురద. దానికొక్కదానికే గ్రావెలు లెక్క చెప్తారా?

సెక్షన్‌రాయి:
1.5 మీటర్ల వెడల్పు, తొక్కించాక 10 సెంటీమీటర్ల మందం అనుకుంటే 100 మీటర్లకి 15 ఘనపు మీటర్లు. వదులుగా తోలించేటప్పుడు పాతిక శాతం కలపండి, 19 దాకా అవుతుంది. వంద ఘనపుటడుగుల యూనిట్ అంటే 2.83 ఘనపు మీటర్లు కాబట్టి ఏడు యూనిట్లు. ట్రక్కులో నిండుగా కొలిచి పోయించుకోండి, తేడా అక్కడే వస్తుంది. మధ్యలో రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తు పెట్టి రెండు పక్కలకీ వాలు ఇవ్వకపోతే మొదటి వానకే నీళ్లు నిలిచి మళ్లీ బురదే. రెండు పొరలుగా, తడిపి తొక్కించాలి. పొడిగా పరిస్తే సైకిలు టైరు కింద రాయి జారుతుంది.

గట్టు ఇరిగేషన్ వాళ్లది, పుంత పంచాయతీది. ఊరి తీర్మానం తీసుకుని, కాలువ పేరు, ఎన్నో కిలోమీటరు రాయి నుంచి ఎన్నో రాయి దాకా అని రాసి సెక్షన్ ఏఈకి (ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజనీరుకి) ఇవ్వండి. "మా ఊరి దగ్గర" అని రాస్తే కాగితం తిరిగొస్తుంది. దానికన్నా ముందు లష్కరుని (కాలువ చూసుకునే ఇరిగేషన్ మనిషిని) తీసుకుని గట్టంతా నడవండి. ఏ తూము దగ్గర గట్టు జారుతుందో, పూడిక ఎటువైపు పోస్తారో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు.

బోర్డుల కోసం గట్టు మీద గొయ్యి తీయనివ్వరు, తీయకూడదు కూడా. నీరు అక్కడి నుంచే దారి చేసుకుని గండి పడుతుంది. కల్వర్టు పిట్టగోడల మీద అనుమతితో బాణం గుర్తు వెయ్యండి. పిట్టగోడ లేని చోట పాత పెయింటు డబ్బాలో కాంక్రీటు పోసి పైపు నిలబెడితే చాలు. మలుపుకి 5 మీటర్ల ముందు ఒక బాణం, దాటాక 30 మీటర్లకి "సరైన దారే" అనే గుర్తు ఇంకోటి, రెండు దిక్కుల నుంచీ. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, మనుషులు తప్పిపోయేది అందుకే.

కొబ్బరి చెట్టుకి మేకులు కొట్టకండి, దాని కింద బెంచీ అసలొద్దు. కాయో, ఎండు కమ్మో ఎప్పుడు ఊడుతుందో తెలీదు. కాయల దింపు జరిగే రోజున ఆ తోట పక్క ముక్కకి అడ్డంగా తాడు కట్టించండి. తోట రైతుకి ముందే చెప్పుంచితే ఆయనే కబురంపుతాడు.

లాకులదగ్గర:
ఒక్కటి కలపనా. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎక్కించేటప్పుడు చేలగట్లని దారులుగా గీయకండి, అవి రైతువి. రేపెవరో మ్యాపు చూసుకుని వరి చేలోకి సైకిలు దింపితే గొడవ మీ మీదకొస్తుంది. మనం నడిచి చూసిన ముక్కలే ఎక్కించి, నేల రకం మట్టా, గ్రావెలా, సిమెంటా అన్నది ఒక్కో ముక్కకీ విడిగా రాయండి.