నీళ్లు అడుగంటి బోర్లు వేశామా, బోర్లు వేసి నీళ్లు అడుగంటించామా?

ఎర్రనేల (అనంతపురం జిల్లా):
ఈ వేసవిలో మా ఊళ్లో మళ్లీ రిగ్గు బండ్లు తిరిగాయి. పక్క చేను ఆయన కొత్త బోరు వేశాడు. నెల తిరగకముందే మా బోరులో నీళ్లు ఆగి ఆగి వస్తున్నాయి. పెద్దమనుషులను అడిగితే "కరువు సీమ, వాన లేదు, ఎవరేం చేస్తారు" అన్నారు. నాకు ఆ మాట మింగుడుపడలేదు. నేల ఎండిపోవడం వల్ల మనం ఇలా పోటీ పడుతున్నామా, మన పోటీ వల్లే నేల ఎండిందా? మీ ఊళ్లలో ఏం జరిగిందో చెప్పండి.

కాలువ చివర:
ఉచిత కరెంటే కారణం. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో మొదలైంది, తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇస్తున్నారు. తోడినందుకు పైసా పడనప్పుడు మోటారు ఎవరు ఆపుతారు? మీటర్లు పెడితే అలవాట్లు వాటంతటవే మారతాయి.

బత్తాయి తోట (నల్గొండ):
అన్నా, 2004కు ముందే మా దగ్గర బావులు ఎండిపోయి, బావిలోనే బోర్లు దించుకున్నాం. అప్పుడు కరెంటు బిల్లు కట్టేవాళ్లమే.

కాలువ చివర:
కట్టింది మోటారు హార్స్‌పవర్ లెక్కన. గంట నడిపినా పది గంటలు నడిపినా అదే బిల్లు. ఎక్కువ తోడితే ఎక్కువ కట్టాలన్న భయం అప్పుడూ లేదు.

బత్తాయి తోట (నల్గొండ):
అది నిజమే. కానీ బిల్లు ఒక్కటే మనిషిని నడిపించదు. మనది గట్టి రాతి నేల. నీళ్లుండేది పైనున్న మెత్తబడిన రాతి పొరలో, దాని కింద పగుళ్లలో. ఒకే కుండలో పది గొట్టాలు దించినట్టే మా బోర్లన్నీ. నేను మోటారు ఆపితే మిగిలిన నీళ్లు పక్కవాడి చేనుకే పోతాయి. అందుకే ఆటో స్టార్టర్ పెట్టుకుని, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ఆడిస్తున్నాం. దీన్ని దురాశ అనొద్దు. నీళ్లు పొదుపు చేసినవాడే నష్టపోయే ఏర్పాటు ఇది.

ఇంకో సంగతి. చెరువు కింద సాగు చేసినప్పుడు వంక పూడితే అందరం పారలు పట్టుకుని వెళ్లేవాళ్లం. నీళ్లు పంచడానికి నీరటికాడు ఉండేవాడు. ఎవరి బోరు వాళ్లకు వచ్చాక వంక సంగతి ఎవరికీ పట్టలేదు, దున్నుకున్నవాళ్లూ ఉన్నారు. చెరువు నిండక బోర్లకు ఊట తగ్గింది, దాంతో ఇంకా లోతుకు వెళ్లాం. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీశారు, మంచిదే. వంకలు తెరవకుండా పూడిక ఒక్కటే తీస్తే నీళ్లు చెరువుదాకా ఎట్లా వస్తాయి?

తోటల సంగతి మరీ కష్టం. వేరుశనగో వరో అయితే వాన లేని ఏడు వేయకుండా ఊరుకోవచ్చు. ఏళ్ల తరబడి పెంచిన బత్తాయి చెట్టును ఎండబెట్టుకోలేం. అప్పు తెచ్చి అయినా బోరు వేస్తాం, ట్యాంకర్లతో తోలి అయినా బతికిస్తాం. నీళ్లున్న ఏడాది పెట్టిన తోట, లేని ఏడాది మన చేత బోరు వేయిస్తుంది.

ఎర్రనేల:
నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది కదా? అనుమతి లేకుండా బోరు వేయకూడదు. మా ఊళ్లో రాత్రికి రాత్రే వేసేస్తారు, తెల్లారేసరికి బండి ఉండదు.

కొలత పుస్తకం:
పైనుంచి చట్టం, కింద పోటీ, ఈ రెంటి మధ్య దారి ఒకటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, నల్గొండతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయం చేసింది. రైతులే వాన కొలిచారు, బోర్లలో మట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఊరి నీటి లెక్క వేశారు. ఏ పంట వేయాలో ఎవరూ ఆజ్ఞాపించలేదు. అయినా చాలామంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లారు. మహారాష్ట్రలోని హివరే బజార్ ఇంకో అడుగు ముందుకు వేసి, సాగుకు బోర్లే వద్దని, చెరకు వద్దని ఊరంతా కట్టుబాటు పెట్టుకుంది.

కాలువ చివర:
హివరే బజార్‌కు పోపట్‌రావ్ పవార్ లాంటి సర్పంచ్ దొరికాడు. అందరికీ దొరకాలి కదా. పైగా భూమి కింది నీళ్లకు ఊరి పొలిమేర తెలియదు. మీరు ఆపితే పక్క ఊరివాళ్లు తోడతారు.

కొలత పుస్తకం:
అందుకే ఒక్క ఊరు కాకుండా, ఒకే వంక పరీవాహకంలోని ఊళ్లన్నీ కలిసి లెక్క వేయాలి. ఆ పథకంలో చేసిందీ అదే. మీటరు ఎవరి బోరు వాళ్లకే చెబుతుంది. మిగిలిన నీళ్లెన్నో అందరికీ కనిపించాలి.

ఎర్రనేల:
రబీకి ముందు మా వంక చుట్టూ ఉన్న బోర్లు కొలవాలని ఉంది. ఎట్లా మొదలుపెట్టాలి?

కొలత పుస్తకం:
రాత్రంతా మోటారు ఆపి, తెల్లవారగానే మట్టం చూడాలి. మీ ఒక్కరి మోటారు ఆపితే లెక్క తప్పుతుంది, దగ్గరున్న బోర్లు కూడా ఆగాలి. కాబట్టి ముందు పక్క చేను ఆయనతో మాట్లాడండి. పంచాయితీ పెట్టడానికి కాదు, ఆ రాత్రికి ఆటో స్టార్టర్ తీసెయ్యమని అడగడానికి.