22 కిలోల పాత సైకిల్: మార్చాల్నా, బాగు చేయించాల్నా?

కాజీపేట నుంచి హన్మకొండకు రోజూ డ్యూటీకి పాత రాడ్ బ్రేకుల సైకిలే. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కుతుంటే దమ్ము తీస్తది, కుడి పెడల్ దగ్గర టక్కుటక్కుమంటది. కొత్తది కొనుడా, దీనికే పెట్టుడా?

జవాబు 1: అన్నా, ముందు ఫ్రేము చూడు. పెడల్ ఇరుసు దగ్గర గొట్టాలు కలిసేకాడ బట్టతో తుడువు. సన్నటి పగులు కనబడితే వెల్డింగు జోలికి పోకు, మార్చెయ్. లేకుంటే ఆ టక్కు చాలావరకు కాటర్ పిన్నుదే (పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే మేకు). రెండూ కొత్తవి వెయ్, ఎదురెదురు దిక్కుల నుంచి. సుత్తితో దించినంకనే నట్టు బిగియ్యాలె. నట్టుతో గుంజితే మర పోతది.

జవాబు 2: బరువు గురించి పరేషాన్ వద్దు. మనిషితో కలిపి 90 కిలోలనుకో, సైకిల్ 5 కిలోలు తగ్గినా ఎక్కుడులో లాభం 6 శాతం లోపే. వెనక 18 పళ్ల ఫ్రీవీల్ (చైను తిరిగే పళ్ల చక్రం) తీసి 20ది వేస్తే తొక్కే బలం 10 శాతం తగ్గుతది. స్పీడూ తగ్గుతదనుకో. చైను కొలువు: 24 లింకులు 12 అంగుళాలుండాలె. అంగుళంల పదహారో వంతు సాగిందంటే మార్చుడే.

జవాబు 3: వానల కూడా తొక్కుతవా? స్టీలు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగ పట్టదు, కొత్త రబ్బర్లేసినా అంతే. నా లెక్కల కొత్తది కొనేటందుకు అసలు కారణం ఇదే. అల్యూమినియం రిమ్ములదో, డిస్కు బ్రేకులదో చూడు. ముందు స్ప్రింగులుండే సస్పెన్షన్ ఫోర్కుది మాత్రం వద్దు, బరువు మళ్లీ మొదటికే.

ప్రశ్న అడిగినాయన: పగుల్లేవు. 20 ఫ్రీవీల్‌కు ఇదే చైను సరిపోతదా?

జవాబు 2: వెనక చక్రం కొంచెం ముందుకు జరుపు, సరిపోతది. సాగిన చైనైతే కొత్త పళ్ల మీద జారుతది.