ఇనుమారా, ఇరుమారా?

కృత్తిక: నక్షత్రాల్లో ఇనుము మీద వ్యాసం రాస్తున్నాను. పైన వేమన పద్యం పెడదామంటే మొదటి పాదంలోనే చిక్కు. “ఇనుము విరిగెనేని ఇరుమారు ముమ్మారు” అని బడిలో చదివిన గుర్తు. ఇంట్లో పుస్తకంలో “ఇనుమారు” అని ఉంది. ఏది సరి?

బండి-ర: ఇనుమారే. ఇనుమడి అంటాం కానీ ఇరుమడి అనం కదా! పైగా అది మాఱు, శకటరేఫం (బండి ఱ).

పాతప్రతి: అయ్యప్పలది ఇరుముడే కదండీ :)

బండి-ర: అది ముడి మాస్టారూ, మడి కాదు.

పాతప్రతి: సరే. యతికి రెంటిలోనూ ఇకారమే, గణమూ సలమే. ఛందస్సు తీర్పు చెప్పదు. జనం నోట నడిచిన పద్యం, పాఠాంతరాలు బోలెడు.

తోకచుక్క: అసలు వ్యాసానికి నప్పుతుందా? నక్షత్రంలో కేంద్రకాలు అతుక్కుంటూ ఇనుము దాకా వచ్చి ఆగిపోతాయి. ఆపైన అతికితే శక్తి రాదు, ఎదురు ఖర్చు. కమ్మరి కాచి అతుకుతాడన్న వేమన్నకి తలకిందులు.

కృత్తిక: “విరిగెనేని” చూడండి. పెద్ద నక్షత్రం గర్భం కూలేటప్పుడు ఆ వేడికి ఇనుము కేంద్రకాలు నిజంగానే విరిగి హీలియం, న్యూట్రాన్లు అవుతాయి. మనకు దక్కే ఇనుములో ఎక్కువ భాగం పేలుడులో నికెల్-56 అనే నిలకడ లేని కేంద్రకంగా పుట్టి, కోబాల్ట్ మీదుగా కొన్ని నెలల్లో ఇనుమయ్యేదే.

పాతప్రతి: విశ్వం మొదట్లో ఇనుమే లేదంటారుగా?

కృత్తిక: లేదండీ. తొలి నిమిషాల తర్వాత బరువులో ముప్పాతిక హైడ్రోజన్, పావు హీలియం, లిథియం ఆనవాళ్లు, అంతే. సూర్యుడిలో మిగతావన్నీ కలిపినా ఇంచుమించు ఒకటిన్నర శాతమే. ఆక్సిజన్‌ను పెద్ద నక్షత్రాలు తొందరగా పేలి ముందే పంచాయి. ఇనుములో చాలా వంతు తెల్ల మరుగుజ్జులు (ఇంధనం అయిపోయాక మిగిలే చిన్న నక్షత్రాల గర్భాలు) తీరిగ్గా పేలాక వచ్చింది. అందుకే ముసలి నక్షత్రాల్లో ఇనుముతో పోలిస్తే ఆక్సిజన్ ఎక్కువ. 2014లో ప్రకటించిన ఒక నక్షత్రంలో ఇనుము జాడే దొరకలేదు. ఉన్నా సూర్యుడిలో కోటో వంతు లోపేనని అప్పటి లెక్క.

తోకచుక్క: అన్నిటికన్నా గట్టిగా అతుక్కున్నది ఇనుము కాదు, నికెల్-62. నమోదు కోసం చెబుతున్నా.

బండి-ర: వేమన పరుసవేది తెలిసినవాడని చెప్పుకుంటారు కదా. ఇనుము బంగారమయ్యే సంగతి ఆయనకు ముందే తెలుసని నా సిద్ధాంతం.

తోకచుక్క: బంగారానికి కమ్మరి చాలడు, న్యూట్రాన్ నక్షత్రాలు (పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలే చిక్కటి గర్భాలు) ఢీకొనడం లాంటిది కావాలి. 2017లో ఒక ఢీ దొరికింది, పరుసవేది లేకుండానే!

పాతప్రతి: అవన్నీ అలా ఉంచండి. మూడో పాదం “మనసు విరిగెనేని మరియంట నేర్చునా”నా, “మరి చేర్చరాదయా”నా? అంటడం దానంతటదే, చేర్చడం ఇంకొకరి పని. అర్థమే మారిపోతుంది.

బండి-ర: అంటడమే. మఱియంట, అక్కడా శకటరేఫమే.