ఇంపేషన్స్‌లో వెయ్యి జాతులు, హైడ్రోసెరాలో ఒక్కటే: కారణం చిట్లే కాయేనా?

వనమిత్ర:
ముద్దగోరింట కుటుంబమైన బాల్సమినేసిలో రెండే ప్రజాతులు (దగ్గరి జాతుల గుంపులు). ముద్దగోరింట ఉన్న ఇంపేషన్స్‌లో వెయ్యికి పైగా జాతులుంటే, హైడ్రోసెరాలో ట్రైఫ్లోరా ఒక్కటే. ఈ తేడాకు మూలం కాయేనని నా వాదన. ముదిరిన ముద్దగోరింట కాయకు వేలు తగిలితే చాలు, ఐదు తొక్కలూ కొన్ని మిల్లీసెకన్లలో చుట్టుకుపోయి గింజలను విసిరేస్తాయి. ఎంత విసిరినా కొన్ని మీటర్లే. ఒక కొండ మొక్కల సంతతి లోయ దాటి పక్క కొండకు చేరడం కష్టం. తరాలు గడిచేకొద్దీ అది వేరే జాతి అవుతుంది. పశ్చిమ కనుమల ఇంపేషన్స్‌లో అత్యధికం మరెక్కడా దొరకనివి అందుకే. హైడ్రోసెరా కాయ చిట్లదు, చెరువు నీళ్లలో తేలిపోతుంది. మన దేశం నుంచి ఇండోనేషియా దాకా అదే జాతి!

కొండగాలి:
వనమిత్ర గారూ, కాలం లెక్క కుదరడం లేదండీ. జన్యు పోలికల అంచనా ప్రకారం ఇంపేషన్స్ శాఖలుగా చీలడం సుమారు 2.2 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది. కానీ నేటి శాఖల్లో ఎక్కువ భాగం గత 50 లక్షల ఏళ్లలో పుట్టినవే. కాయ మొదటి నుంచీ చిట్లుతూనే ఉంటే అంతకాలం ఎందుకు ఆగినట్టు? వాతావరణం మారినప్పుడల్లా తేమ అడవులు ముక్కలయ్యాయి, అసలు కారణం అదే. పూల సంగతీ చూడండి, పరాగం మోసే జీవి మారినా కొత్త జాతులు విడిపోవచ్చు. ఆఫ్రికాలో కొన్నిటికి తేనెపిట్టలు పరాగం మోస్తాయి. మడగాస్కర్‌లో ఒక ఇంపేషన్స్ గుంపు పువ్వు వెనక ఉండే తేనెగొట్టాన్నే వదిలేసుకుని కూడా ఎన్నో జాతులైంది.

వనమిత్ర:
అడవి ముక్కలైనా గింజలు గాలికి ఎగిరే మొక్కలు మళ్లీ కలుస్తాయి, ఇవి కలవలేవు. కొండలు విడిపోయిన నాటికి ఆ కాయ సిద్ధంగా ఉంది, అంతే.

నీటిరేకు:
మరి ఇంపేషన్స్‌లోనే గ్లాండులిఫెరా అనే జాతి మాటేమిటి? హిమాలయాల నుంచి 1839లో తోటమొక్కగా బ్రిటన్ చేరింది. దాని కాయ గింజలను 7 మీటర్ల దాకా మాత్రమే విసురుతుంది. అయినా ఈరోజు అక్కడి నదుల గట్లన్నీ దానివే, ఏటి నీళ్లే గింజలను మోసుకుపోతున్నాయి. వాగుల పక్కన పెరిగే జాతులకు మీ వాదన పూర్తిగా వర్తించదు.

వనమిత్ర:
నీళ్లు పల్లానికే మోస్తాయండీ. శిఖరం నుంచి శిఖరానికి మోయవు. అదే కనుమల్లో నీలకురింజి ప్రజాతిని చూడండి. దాని కాయా చిట్లేదే, అందులోనూ స్థానిక జాతులు (అక్కడ తప్ప మరెక్కడా లేనివి) బోలెడు.

కొండగాలి:
నీలకురింజి మంచి ఉదాహరణే, ఒప్పుకుంటా. కానీ అవే కొండల్లో ఆర్కిడ్లున్నాయి. వాటి గింజలు ధూళిలా గాలికి ఎగిరేవి, అయినా వాటిలోనూ స్థానిక జాతులు వందకు పైనే. వాటికి మీ సమాధానం వచ్చేదాకా నా ఓటు ముక్కలైన కొండ అడవులకే.