సేల్స్ కుర్రాళ్ల యాప్‌కి ఏ ఫ్రేమ్‌వర్క్ పట్టుకోవాలి? తెలుగులో స్లిప్ ప్రింట్ కూడా కావాలి

బేగంబజార్_బుల్లోడు:
అందరికీ నమస్తే. మా బాబాయ్‌కి బేగంబజార్‌లో హోల్‌సేల్ కిరాణా షాపు ఉంది, సేల్స్ కుర్రాళ్లు బండ్ల మీద చిన్న షాపులన్నీ తిరిగి ఆర్డర్లు పుస్తకంలో రాసుకొస్తారు, సాయంత్రం గుమస్తా వాటిని కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు సగం చేతిరాత వాళ్లకే అర్థం కాదు, దీనికో యాప్ చేసిపెట్టమని నా మీద పడ్డాడు. నాకు హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, కొంచెం రియాక్ట్ వచ్చు, అన్నీ వెబ్ పేజీలకి వాడేవే, ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే కోట్లిన్ భాష అస్సలు రాదు. కొన్ని షాపులు సెల్లార్లో ఉంటాయి కాబట్టి నెట్ లేకపోయినా ఆర్డర్ తీసుకోవాలి, అక్కడికక్కడే బ్లూటూత్ ప్రింటర్‌లో తెలుగు స్లిప్ రావాలి. ఫోన్లన్నీ పాత ఆండ్రాయిడ్లే, బాబాయ్‌ది ఒక్కటే ఐఫోన్. నాది విండోస్ లాప్‌టాప్. యాప్‌లు కట్టే ఫ్రేమ్‌వర్కుల్లో ఒకడు ఐయానిక్ అంటాడు, ఒకడు ఫ్లట్టర్ అంటాడు, అమీర్‌పేటలో ఎప్పుడో కోర్స్ చేసిన ఫ్రెండ్ అయితే ఫోన్‌గ్యాప్ అంటున్నాడు. ఏది పట్టుకోమంటారు?

ఎస్సార్‌నగర్_సీనియర్:
ఫోన్‌గ్యాప్ పేరు ఇంకా వినబడుతోందా! అడోబీ వాళ్లు 2020లోనే దాన్ని ఆపేశారు తమ్ముడూ. దాని ఓపెన్‌సోర్స్ రూపం కార్డోవా అపాచీ సంస్థ దగ్గర ఉంది గానీ కొత్తగా మొదలుపెట్టేవాడు అటు వెళ్లక్కర్లేదు, అదే పని కెపాసిటర్ నీట్‌గా చేస్తుంది, కార్డోవా ప్లగిన్లు (ఫోన్ సౌకర్యాలు కలిపే అదనపు ముక్కలు) చాలావరకు దాంట్లోనూ నడుస్తాయి. ఐయానిక్, కెపాసిటర్ ఒకటే అనుకుంటారు చాలామంది. ఐయానిక్ అంటే బటన్లు, లిస్టులు, స్క్రీన్ మీద కనబడే సరుకు. కెపాసిటర్ అంటే నీ వెబ్ పేజీలని యాప్‌లోపల ఉండే చిన్న బ్రౌజర్, అంటే వెబ్‌వ్యూలో నడిపించి కెమెరాకీ బ్లూటూత్‌కీ దారిచ్చేది. రియాక్ట్ వచ్చు కదా, కెపాసిటర్ జత చేసుకో చాలు. ఫ్లట్టర్ మంచిదే, కానీ దానికి డార్ట్ అనే కొత్త భాష నేర్చుకోవాలి, బాబాయ్ అప్పటిదాకా ఆగుతాడా మరి?

గోల్కొండ_గాడు:
అన్నా గింత పనికి యాప్ ఎందుకే, పీడబ్ల్యూఏ (యాప్ లెక్క నడిచే వెబ్‌సైట్) చేసి లింకు వాట్సాప్‌ల పంపు, హోమ్‌స్క్రీన్ మీద పెట్టుకుంటరు. నెట్ లేకున్నా పేజీ తెరిచే సర్వీస్ వర్కర్ స్క్రిప్ట్ రాసి, ఆర్డర్లు బ్రౌజర్‌లనే ఉండే ఇండెక్స్‌డ్ డీబీ డేటాబేస్‌ల పెడితే నెట్ లేకున్నా నడుస్తది, సిగ్నల్ రాంగనే సర్వర్‌కి తోసెయ్. ప్లేస్టోర్ లొల్లి కూడా ఉండదు. కొత్త పర్సనల్ అకౌంట్ అయితే 12 మంది టెస్టర్లు 14 రోజులు ఉండాలంటున్నరు, యాడికెల్లి తెస్తవ్ గంతమందిని.

బిల్లింగ్_మామ:
ఆర్డర్ల వరకు పై తమ్ముడి మాట కరెక్టే, ప్రింటర్ దగ్గరే బండి ఆగిపోద్ది. బ్రౌజర్‌లో ఉండే వెబ్ బ్లూటూత్ తక్కువ కరెంటు వాడే కొత్తరకం బ్లూటూత్ (బీఎల్ఈ) పరికరాలతోనే మాట్లాడుద్ది, బయట దొరికే చవక 2 అంగుళాల ప్రింటర్లు చాలావరకు పాత క్లాసిక్ బ్లూటూత్‌వి. అందుకే కెపాసిటర్‌లో బ్లూటూత్ సీరియల్ ప్లగిన్ పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి 'నియర్‌బై డివైజెస్' పర్మిషన్ వేరేగా అడగాలి, అది మర్చిపోకు. ఇక ప్లేస్టోర్ అంటావా, మన కుర్రాళ్ల ఫోన్లే కదా, యాప్ ఫైల్ (ఏపీకే) నేరుగా ఎక్కించెయ్, సరిపోద్ది.

అసలు పని తెలుగు దగ్గరుంది. ఈ ప్రింటర్లలో తెలుగు ఫాంట్ ఉండదు, 'కందిపప్పు' అని నేరుగా పంపితే పిచ్చి గుర్తులొస్తాయి. స్లిప్ మొత్తం వెబ్ పేజీలో బొమ్మలు గీసే క్యాన్వాస్ మీద గీసి బొమ్మగా పంపాలి. 58 ఎంఎం పేపర్ ప్రింటర్లలో మామూలుగా వెడల్పు 384 చుక్కలు, ఒక్కో పిక్సెల్ నలుపా తెలుపా తేల్చుకుని 8 పిక్సెళ్లకి ఒక బైట్ చొప్పున పేర్చి పంపుతాం, అంటే లైనుకి 48 బైట్లు. వొత్తులు, గుణింతాలు కలిపే తలనొప్పంతా వెబ్‌వ్యూనే పడుద్ది. ఫాంట్ ఫైల్ యాప్‌లోనే పెట్టు, అది పూర్తిగా లోడయ్యాకే గియ్యి, మరీ చిన్న సైజ్ పెడితే వొత్తులన్నీ కాగితం మీద ముద్దయిపోతాయి. డేటా ముక్కలు ముక్కలుగా పంపు, ఒక్కసారే తోస్తే స్లిప్ మధ్యలో తెగుద్ది.

బేగంబజార్_బుల్లోడు:
అబ్బ, ఈ ప్రింటర్ కథ ఎవ్వరూ చెప్పలేదు మామా, థ్యాంక్స్. మరి రియాక్ట్ పద్ధతిలోనే ఫోన్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్? రియాక్ట్ వచ్చు కదా అని దానివైపు లాగుతోంది మనసు. బాబాయ్ ఐఫోన్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

ఎస్సార్‌నగర్_సీనియర్:
పేరులో రియాక్ట్ ఉంది గానీ అక్కడ హెచ్‌టీఎంఎల్ ఉండదు, డివ్ ట్యాగ్ బదులు వ్యూ అనేది, నీ సీఎస్ఎస్ ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు, మామ చెప్పిన క్యాన్వాస్ కూడా దాంతోపాటు రాదు, ఏదో లైబ్రరీ వెతుక్కోవాలి. స్క్రోలింగ్ స్మూత్‌గా ఉంటుంది, ఒప్పుకుంటా. కెపాసిటర్‌లో అయితే వేల ఐటమ్స్ లిస్ట్ ఒకేసారి గీయొద్దు, పాత ఫోన్లలో నత్తలా పాకుతుంది, స్క్రీన్‌లో కనబడేవరకే గీసే వర్చువల్ లిస్ట్ పెట్టు. ఆ ఫోన్లలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, క్రోమ్ రెండూ ప్లేస్టోర్‌లో అప్‌డేట్ చేయించు, లేకపోతే నీ లాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా కనబడ్డ పేజీ అక్కడ చిందరవందర అవుద్ది. ఐఫోన్‌కి యాప్ కట్టాలంటే మ్యాక్ కావాలి, డెవలపర్ అకౌంట్‌కి ఏడాదికి 99 డాలర్లు. బాబాయ్ ఆర్డర్లు చూస్తాడంతే కదా, ప్రింట్ తీయడుగా? అదే కోడ్ వెబ్‌సైట్‌గా పెట్టి సఫారీలో లింక్ ఇవ్వు.

గోల్కొండ_గాడు:
అదే కదనే నేను మొదలు చెప్పింది, బాబాయ్‌కి పీడబ్ల్యూఏ! ప్రింటర్ కొనకముందు షాపోడినడుగు, క్లాసిక్కా బీఎల్ఈనా రెండూ ఉన్నయా అని. నీ ఫోన్‌తోని ఓ తెలుగు బొమ్మ అక్కడ్నే ప్రింట్ కొట్టి చూసినంకనే పైసలియ్యి.